తర్వాత ఏ ఫాంటసీ సిరీస్?

ఒకే ఊహాలోకంలోనో, ఒకే కథానాయకుల చుట్టూనో కొన్ని నవలల పాటు సాగే కాల్పనిక రచనను ఫాంటసీ సిరీస్ అంటారు. మంత్రాలు, మాయాజీవులు, ఏ చరిత్రలోనూ లేని రాజ్యాలు, ఏ పటంలోనూ కనిపించని ఖండాలు ఇందులో సర్వసాధారణం. కొన్ని సిరీస్‌లు మూడు నవలలతో ముగుస్తాయి, కొన్ని నలభై దాటుతాయి. ఈ రంగంలో పేరున్న హ్యూగో పురస్కారాల్లో ఉత్తమ సిరీస్‌కు విడిగా ఒక బహుమతి ఉంది. దానికి పరిశీలించాలంటే కనీసం 3 సంపుటాలు రావాలి, అన్నీ కలిపి 2,40,000 పదాలు ఉండాలి. కనీస కొలతే ఇంత ఉందంటే, ఒక సిరీస్ చదవడానికి పూనుకోవడం ఎంత పనో ఊహించుకోవచ్చు.

అందుకే ఒక సిరీస్ ముగించినవాళ్లకు తర్వాతది ఎంచుకోవడం పెద్ద సమస్య. విడి నవల నచ్చకపోతే రెండు సాయంత్రాలు పోతాయి. పద్నాలుగు సంపుటాల కథ ఆరో సంపుటంలో విసుగు పుట్టిస్తే అప్పటికే నెలలు గడిచిపోయి ఉంటాయి, వదిలెయ్యడానికి మనసొప్పదు. 'ఇది నచ్చితే అది చదవండి' అనే జాబితాలు చాలానే దొరుకుతాయి కానీ అవి కథలోని సరంజామాను చూసి తయారైనవి. డ్రాగన్లున్న పుస్తకం తర్వాత డ్రాగన్లున్న మరో పుస్తకం, మాంత్రికుల పాఠశాల తర్వాత ఇంకో మాంత్రికుల పాఠశాల. చదివినవాళ్ల మనసు పట్టుకున్నది తరచుగా ఇంకేదో అయి ఉంటుంది. చివరి పేజీ చదివాక దేనికోసం వెలితిగా అనిపిస్తోంది? ఆ మనుషుల కోసమా, ఆ నేల కోసమా, ఆ లోకం నడిచే నియమాల కోసమా, రచయిత వాక్యం కోసమా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగానికి ఈ రచనలు ఎలా పుట్టాయో, ఎలా నడుస్తాయో కొంత తెలిసుండాలి.

మూడు సంపుటాల అలవాటు

అమెరికాలో రాబర్ట్ ఇ. హోవర్డ్ 1932 నుంచి 'వియర్డ్ టేల్స్' పత్రికలో కోనన్ కథలు రాశాడు. వీరుడు ఒక్కడే, సాహసాలు వేరువేరు. ఏ కథ ముందు చదివినా నష్టం లేదు. ఇప్పుడు మనం సిరీస్ అంటున్న ఒకే పెద్ద కథ అలవాటు మాత్రం జె.ఆర్.ఆర్. టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'తో స్థిరపడింది. టోల్కీన్ దృష్టిలో అది ఆరు కాండల ఒకే నవల. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి బ్రిటన్‌లో కాగితం ధర, అంత లావు పుస్తకం అమ్ముడుపోతుందో లేదో అన్న ప్రచురణకర్తల సందేహం దాన్ని 1954–55లో మూడు సంపుటాలుగా విడదీశాయి. ఖర్చు లెక్కల్లో జరిగిన ఈ విభజనే తర్వాతి తరాలకు కథాశిల్పమైపోయింది. ఇవాళ్టికీ ఫాంటసీలో కొత్తగా రాసేవాళ్లు ముందు మూడు భాగాలుగానే ఊహించుకుంటారు.

అదే 1954లో మద్రాసు నుంచి వెలువడే 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' సీరియల్ మొదలైంది. ఆ తర్వాత 'కంచుకోట', 'రాకాసిలోయ', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' లాంటివి చిత్రకారుడు చిత్రా బొమ్మలతో రెండు దశాబ్దాలకు పైగా తెలుగు పిల్లల్ని నెలనెలా ఎదురుచూసేలా చేశాయి. ఇద్దరు యువకులు, ఒక ప్రయాణం, దారిపొడవునా మాంత్రికులు, వికృతజీవులు, ప్రతి నెలా ఒక ఆపద దగ్గర ఆగిపోయే కథ. ఇంగ్లీషు ఫాంటసీ మొదటిసారి తెరిచిన తెలుగువాళ్లకు ఆ నడక పరాయిగా అనిపించకపోవడానికి ఈ సీరియళ్లు ఒక కారణం. అంతకుముందే మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' సంపుటాల మీద సంపుటాలుగా వచ్చి ఉన్నాయి. కాశీయాత్రలో మజిలీ మజిలీకీ మణిసిద్ధుడు గోపాలుడికి చెప్పే కథల్లో ఒకదాని కడుపులోంచి ఇంకొకటి పుడుతుంది. ఇంత అల్లికను ఓపికగా అనుసరించిన పాఠకులు ఏ సిరీస్‌కైనా సిద్ధంగా ఉన్నట్టే.

అమెరికాలో 1977 ఒక మలుపు. టెర్రీ బ్రూక్స్ 'ది సోర్డ్ ఆఫ్ షనారా', స్టీఫెన్ డొనాల్డ్‌సన్ 'థామస్ కోవెనంట్' నవలలు ఆ ఏడాదే వచ్చాయి. బ్రూక్స్ పుస్తకం టోల్కీన్‌కు మరీ దగ్గరగా ఉందని విమర్శకులు కోప్పడ్డారు, పాఠకులు మాత్రం ఎగబడి కొన్నారు. పెద్దలు చదివే మందపాటి ఫాంటసీకి బజారు ఉందని ప్రచురణకర్తలకు అప్పుడు నమ్మకం కుదిరింది. 1990లో రాబర్ట్ జోర్డాన్ 'ది వీల్ ఆఫ్ టైమ్', 1996లో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' ఆ నమ్మకం మీద లేచిన కట్టడాలే.

మాయ కథలోకి వచ్చే దారులు

ఎంపికకు నాకు తెలిసినంతలో బాగా పనికొచ్చే వర్గీకరణ బ్రిటిష్ విమర్శకురాలు ఫరా మెండిల్‌సన్ 2008లో 'రెటరిక్స్ ఆఫ్ ఫాంటసీ' గ్రంథంలో చేసింది. డ్రాగన్లు, కత్తులు, కోటలు ఆమె లెక్కలో లేవు. మాయ ఏ దారిన కథలోకి వస్తుందన్నదే ఆమె చూసింది.

తెలిసిన చోటు నుంచి తెలియని లోకానికి పాత్రలు బయలుదేరడం మొదటి దారి. సి.ఎస్. లూయిస్ నార్నియా పుస్తకాల్లో పిల్లలు బట్టల బీరువాలోంచి మంచుదేశానికి వెళ్తారు. టోల్కీన్ హాబిట్లు తమ పల్లె దాటి వెళ్లడం కూడా ఇదే దారి. పాత్రలకూ మనకూ ఒకేసారి అన్నీ తెలుస్తాయి కాబట్టి కొత్తవాళ్లకు ఇది సులువు. రెండో దారిలో మొదటి వాక్యం నుంచే మనం ఆ లోకంలో ఉంటాం, ఎవరూ ఏదీ విడమరచి చెప్పరు. స్టీవెన్ ఎరిక్సన్ 'మలజన్ బుక్ ఆఫ్ ది ఫాలెన్' దీనికి గట్టి ఉదాహరణ. పురావస్తు, మానవశాస్త్రాలు చదివిన ఎరిక్సన్, మిత్రుడు ఇయాన్ ఎస్లెమాంట్‌తో కలిసి ఒక ఆట కోసం కల్పించుకున్న లోకం అది. తవ్వకాల్లో పెంకులు ఏరుతూ నాగరికతను ఊహించుకున్నట్టు పాఠకుడు చరిత్రను ఊహించుకోవాలి. మొదటి సంపుటం సగం దాకా ఏమీ అర్థం కాలేదని చాలామంది వదిలేస్తారు. అర్థం కాకపోవడాన్ని ఆనందంగా భరించగలిగినవాళ్లకు మాత్రం ఇంత లోతైన లోకం మరోచోట దొరకడం కష్టం.

మూడో దారిలో మాయే మన లోకంలోకి చొరబడుతుంది. జిమ్ బుచర్ 'డ్రెస్డెన్ ఫైల్స్' కథానాయకుడు నేటి షికాగోలో ఆఫీసు తెరిచిన మాంత్రిక డిటెక్టివ్. తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం', దాని కొనసాగింపు 'తులసి' చదివి రాత్రిళ్లు దీపం ఆర్పలేకపోయినవాళ్లకు ఈ దారి రుచి తెలుసు. రోజూ చూసే ఇంట్లో, తెలిసిన మనుషుల మధ్య చేతబడి అడుగుపెట్టడంలోనే ఆ భయమంతా ఉంది. మెండిల్‌సన్ చెప్పిన నాలుగో రకంలో మాయ ఉందో లేదో తేలదు. అంత సందిగ్ధాన్ని అనేక సంపుటాల పాటు నిలపడం కష్టం, కాబట్టి సిరీస్‌లలో అది అరుదు.

మాయకు నియమాలుండాలా అన్నది మరో విషయం. బ్రాండన్ శాండర్సన్ 2007లో రాసిన వ్యాసంలో దీనిమీద ఒక సూత్రం ప్రతిపాదించాడు. మాయతో చిక్కుముడి విప్పాలంటే ఆ మాయ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ముందే తెలిసుండాలన్నది దాని సారాంశం. అతని 'మిస్ట్‌బోర్న్' (2006–08) పాత్రలు లోహాల పొడి మింగి, కడుపులో ఆ లోహాన్ని 'మండించి' శక్తి పొందుతారు. ఒక్కో లోహానికి ఒక్కో శక్తి, అయిపోతే శక్తీ అయిపోతుంది. చదరంగంలో ఎత్తు పసిగట్టినంత ఆనందం ఇందులో ఉంది. టోల్కీన్ మాంత్రికుడు గాండాల్ఫ్ మాత్రం ఏమేం చేయగలడో ఎవరూ మనకు చెప్పరు. అక్కడ కావలసింది విస్మయం, లెక్క తెలిస్తే అది పోతుంది. లెక్క ఇష్టమైనవాళ్లకు విస్మయం, విస్మయం ఇష్టమైనవాళ్లకు లెక్క అంటగట్టడం వల్లనే స్నేహితుల సిఫారసులు చాలాసార్లు బెడిసికొడతాయి.

పూర్తయిందా?

ఫాంటసీ పాఠకులు ఒకరినొకరు ముందుగా అడిగే ప్రశ్న ఇదే. మార్టిన్ మొదట మూడు సంపుటాలనుకున్న కథ ఏడుకు పెరిగింది. అయిదోది 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. ఈలోగా 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సీరియల్ పుస్తకాలను దాటిపోయి 2019లో తనదైన ముగింపు చెప్పేసింది. ప్యాట్రిక్ రాత్‌ఫస్ 'ది నేమ్ ఆఫ్ ది విండ్' 2007లో, రెండో భాగం 2011లో వచ్చాయి. కథానాయకుడు మూడు రోజుల్లో తన కథ చెబుతాననగా, మూడో రోజు ఇంకా మొదలుకాలేదు.

జోర్డాన్ సిరీస్‌కు ఇంకో గతి పట్టింది. పదకొండు సంపుటాలు రాశాక ఆయనకు ప్రాణాంతకమైన జబ్బు బయటపడింది. చివరి పుస్తకం కోసం నోట్సు రాసిపెట్టాడు, ముఖ్య ఘట్టాలు నోటితో చెప్పి రాయించాడు. 2007 సెప్టెంబరులో కన్నుమూశాడు. ఆయన భార్య, సంపాదకురాలు హ్యారియెట్ మెక్‌డూగల్, శాండర్సన్ రాసిన నివాళి చదివి, 'మిస్ట్‌బోర్న్' కూడా చూసి, మిగిలిన పని ఆ యువరచయితకు అప్పగించింది. ఒక్క సంపుటమనుకున్నది మూడైంది. 2013 జనవరిలో పద్నాలుగో సంపుటంతో కథ పూర్తయింది. మొదటి సంపుటానికీ చివరిదానికీ మధ్య 23 ఏళ్లు. ఏడో సంపుటం నుంచి పదో సంపుటం దాకా కథ బాగా నెమ్మదిస్తుందని అభిమానులే ఒప్పుకుంటారు. ఆ మందగమనాన్ని ఓర్చుకున్నవాళ్లకు ముగింపులో దక్కే తృప్తి పెద్దది. యుగాలు చక్రంలా తిరిగివస్తాయన్న దాని మూలభావన మనకు కొత్తగా ఉండదు. హిందూ పురాణాల ప్రభావాన్ని జోర్డాన్ స్వయంగా చెప్పుకున్నాడు.

టెర్రీ ప్రాచెట్ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన నిర్ణయం తీసుకున్నాడు. 1983లో మొదలైన డిస్క్‌వరల్డ్‌లో 41 నవలలున్నాయి. చివరిది ఆయన చనిపోయిన 2015లోనే వచ్చింది. అసంపూర్ణ రచనలను మరొకరు ముట్టుకోకూడదని ఆయన కోరిక. 2017లో ఇంగ్లండులోని డార్సెట్‌లో ఆవిరి యంత్రాల ప్రదర్శన దగ్గర, ఆ రచనలున్న హార్డ్ డిస్కును స్టీమ్ రోలర్‌తో తొక్కించారు. అయినా డిస్క్‌వరల్డ్ అసంపూర్ణమనిపించదు, ఎందుకంటే ప్రతి నవలా తనంతట తాను పూర్తవుతుంది.

ముగింపు లేని సిరీస్ మొదలుపెట్టకూడదని కొందరి నియమం. నేను ఒప్పుకోను. మార్టిన్ మూడో సంపుటం 'ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్' (2000) రాజకీయ ఫాంటసీలో ఇప్పటికీ శిఖరమే, కథ ముగియలేదని దాన్ని వదులుకోవడం అన్యాయం. కానీ ముగింపు కోసమే చదివే స్వభావమున్నవాళ్లు ముందే తెలుసుకుని దిగాలి. శాండర్సన్ 'స్టార్మ్‌లైట్ ఆర్కైవ్' ఇందులో మధ్యే మార్గం. పది సంపుటాల ప్రణాళికలో అయిదోది 2024 డిసెంబరులో వచ్చింది, దాంతో మొదటి అర్ధభాగం ముగిసింది.

ఎక్కడ మొదలుపెట్టాలి

వరస మీద తగవులు పాతవే. నార్నియాలో మొదట అచ్చయినది 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్' (1950). కథాకాలం ప్రకారం మొదటిది 1955లో వచ్చిన 'ది మెజీషియన్స్ నెఫ్యూ'. ఇప్పటి ప్రతులపై దానికే ఒకటో అంకె వేస్తున్నారు. అచ్చయిన వరసే మంచిది. బీరువా వెనక ఏముందో ముందే తెలిసిపోతే, ఆ పిల్లల్లో ఒకరైన లూసీతో పాటు ఆశ్చర్యపడే అవకాశం పోతుంది. పోలిష్ రచయిత ఆంద్జేయ్ సప్కోవ్‌స్కీ 'విచర్' సిరీస్‌లో అయిదు నవలల కన్నా ముందు కథల సంపుటాలున్నాయి. వాటిలో 'ది లాస్ట్ విష్' చదవకుండా నవలల్లోకి దిగితే పాత్రల మధ్య బంధాలు తెగిన దారాల్లా ఉంటాయి. డిస్క్‌వరల్డ్‌లో మాత్రం మొదటి పుస్తకంతో మొదలుపెట్టకపోవడమే మేలు. ప్రాచెట్ అప్పటికింకా తన గొంతు వెతుక్కుంటున్నాడు. నగర పోలీసుల కథ 'గార్డ్స్! గార్డ్స్!' (1989), మృత్యువు ఒక కుర్రాణ్ని పనిలో పెట్టుకునే 'మార్ట్' (1987), వీటిలో ఏదైనా మంచి ద్వారమే.

మనుషుల కోసం, లోకం కోసం, వాక్యం కోసం

పాత్రల కోసం బెంగపడే పాఠకులకు రాబిన్ హాబ్ 'రెల్మ్ ఆఫ్ ది ఎల్డర్లింగ్స్'ను మించింది లేదని నా నమ్మకం. 1995 నుంచి 2017 దాకా 16 నవలలు, అయిదు విభాగాలు. యువరాజుకు పెళ్లికాకుండా పుట్టి, రాజు కోసం రహస్యహంతకుడిగా తయారయ్యే ఫిట్జ్ తన కథ తానే చెబుతాడు. అతని తప్పులు, మొండితనం, నోరు తెరిచి చెప్పుకోలేని ప్రేమ మన ఇంటి మనిషివే అనిపిస్తాయి. రెండో విభాగం 'లివ్‌షిప్ ట్రేడర్స్'లో ఫిట్జ్ లేడని దాటేసేవాళ్లున్నారు. అలా చేయొద్దు, చివరి మూడు పుస్తకాల్లో ఆ దారాలన్నీ ముడిపడతాయి. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' తర్వాత ఏమిటని అడిగేవాళ్లలో ఎవరికి యుద్ధాల కన్నా టిరియన్, ఆర్య లాంటి పాత్రలు ఎక్కువ గుర్తున్నాయో వాళ్లకు హాబ్. రాజకీయం, చేదు వాస్తవం గుర్తున్నవాళ్లకు జో అబర్‌క్రోంబీ 'ది ఫస్ట్ లా' (2006–08).

తక్కువ పేజీల్లో ఎక్కువ లోకం కావాలంటే ఉర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ'. ద్వీపాల లోకం. ప్రతి వస్తువుకూ నిజనామం ఉంటుంది, అది తెలిసినవాడికే దానిపై అధికారం. కథానాయకుడు గెడ్ గోధుమరంగు మనిషి. ఫాంటసీ వీరులంతా తెల్లవాళ్లుగా ఉన్న 1968లో అది చిన్న విషయం కాదు. మొదటి మూడు నవలలు 1972 కల్లా వచ్చాయి. తన లోకంలో స్త్రీలకు చోటు ఎందుకంత తక్కువైందని లె గ్విన్ తననే నిలదీసుకుని, 1990లో 'టెహాను' రాసింది. మంత్రశక్తి లేని నడివయసు విధవ టెనార్ అందులో నాయిక. ఒక రచయిత్రి తన సృష్టిని తానే సరిదిద్దుకున్న ఇంత గొప్ప సందర్భం ఫాంటసీలో మరొకటి నాకు కనిపించలేదు. టోల్కీన్ తర్వాత ఏమిటని ఎవరడిగినా నేను ఈ పుస్తకాలే చేతిలో పెడతాను.

వాక్యం కోసం చదివేవాళ్లకు ఎన్.కె. జెమిసిన్ 'బ్రోకెన్ ఎర్త్'. భూకంపాలు నాగరికతను పదేపదే తుడిచిపెట్టే లోకంలో, కథలో కొంత భాగం 'నువ్వు' అంటూ నడుస్తుంది. ఆ పిలుపు వెనక కారణం చివరికి తెలుస్తుంది. మూడు భాగాలకూ 2016, 2017, 2018లలో వరసగా ఉత్తమ నవల హ్యూగో వచ్చింది. అలా వరసగా మూడుసార్లు గెలిచిన మొదటి రచయిత్రి ఆమె.

ప్రేమకథ ప్రధానమైనవి ఇప్పుడు బజారును ఏలుతున్నాయి. శారా జె. మాస్ పుస్తకాలు, రెబెకా యారోస్ 2023లో మొదలుపెట్టిన 'ఫోర్త్ వింగ్' సిరీస్ ఈ కోవలోవి. పెద్దల శృంగారం ఉంటుంది కాబట్టి పిల్లలకు కొనిచ్చే ముందు చూసుకోవాలి.

యూరప్ కోటలు దాటి

గత పదేళ్ల పెద్ద మార్పు ఇది. కెన్ లియు 'డాండెలియన్ డైనస్టీ' (2015–22) హాన్ వంశం సింహాసనమెక్కిన చైనా చరిత్ర మీద అల్లిన నాలుగు సంపుటాలు. ఆర్.ఎఫ్. క్వాంగ్ 'ది పాపీ వార్' (2018–20) పాఠశాల కథలా మొదలై, జపాన్ దండయాత్ర నాటి నాన్జింగ్ మారణకాండను గుర్తుచేసే అధ్యాయాలకు చేరుతుంది. సున్నితమైనవాళ్లు తెలిసే దిగాలి. ఎస్.ఎ. చక్రవర్తి 'దేవాబాద్' మూడు నవలలు పద్దెనిమిదో శతాబ్దపు కైరోలో మొదలై జిన్నుల నగరానికి తీసుకెళ్తాయి. తాషా సూరి 'ది జాస్మిన్ థ్రోన్' (2021)తో మొదలైన సిరీస్‌లో భారతదేశపు చరిత్ర, ఇతిహాసాల వాసన ఉంటుంది. బందీ అయిన రాజకుమారి, శక్తి దాచుకున్న పరిచారిక దాని నాయికలు. మూడో భాగం 2024లో వచ్చింది, కథ పూర్తయింది.

భారతదేశంలో ఈ రకానికి పెద్ద పాఠకబలం తెచ్చింది అమీష్ శివత్రయం (2010–13). అది తెలుగులోకీ వచ్చింది. శివుణ్ని టిబెట్ నుంచి వచ్చిన మనిషిగా చూపిన ఆ ఊహ బలమైనదే, వాక్యం మాత్రం పలచన. పురాణం తెలిసిన తెలుగు పాఠకులకు అక్కడక్కడా రుచించకపోవచ్చు.

తెలుగు అనువాదాలు ఈ రంగంలో చాలా తక్కువ. హ్యారీ పోటర్ మొదటి నవల తెలుగులో వచ్చింది. పై జాబితాలో చాలా వాటిని తెలుగువాళ్లు ఇంగ్లీషులోనే చదువుతున్నారు. 'ఎర్త్‌సీ' లాంటి చిన్న పుస్తకం తెలుగులోకి రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ని. అందులోని నిజనామం, గురుకులం, నీడతో పోరాటం మన భాషలో సహజంగా ఒదుగుతాయి.

అమెరికాలో, బ్రిటన్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలు రిక్ రియార్డన్ 'పెర్సీ జాక్సన్' (2005–09) అయిదు పుస్తకాలతో గ్రీకు దేవతలను నేర్చుకుంటున్నారు. అది ముగించిన పిల్లలకు రోషణి చోక్షి 'ఆరు షా' సరైన తర్వాతి మెట్టు. 2018లో మొదలై అయిదు పుస్తకాలుగా పూర్తయిన ఈ సిరీస్‌లో పాండవులు నేటి అమ్మాయిలుగా మళ్లీ పుడతారు. భీముడెవరు, సహదేవుడెవరు అని పిల్లలు అడగడం మొదలుపెడతారు కనుక, ఇంట్లో భారతం ఒక ప్రతి అందుబాటులో ఉంచుకోవడం మంచిది.